ఇది ప్రకటనా, ప్రచారమా? చేతికొచ్చిన దాన్ని విప్పి చూసే పద్ధతి

"ఇది యాడా, ప్రచారమా?" అని స్క్రీన్‌షాట్ పంపి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసీ రాసీ విసుగొచ్చి, నేను వాడే పద్ధతి మొత్తం ఒకచోట పెడుతున్నాను. మీకు వచ్చిన ఒక కరపత్రమో, వీడియోనో, ఫార్వర్డో ఎదురుగా పెట్టుకుని చదవండి. ఊరికే చదివితే సగమే ఎక్కుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. చాలామంది ప్రకటన అనగానే జాగ్రత్త పడతారు, ప్రచారం దగ్గర మాత్రం "వాడేమీ అమ్మట్లేదు కదా" అని గేట్లు ఎత్తేస్తారు. నేను దీన్ని తలకిందులు చేసి చూస్తాను. డబ్బు అడిగేవాడు ఎప్పటికైనా తన ముఖం చూపించాల్సిందే, లేకపోతే డబ్బు ఎవరికి కడతాం? ఏమీ అడగనివాడికి ఆ అవసరం లేదు. అందుకే ఏమీ అడగని మెసేజ్‌నే నేను రెండుసార్లు చూస్తాను. కింది అడుగులన్నీ ఈ అనుమానం మీదే నడుస్తాయి.

1. ముందు మాటలు సర్దుకోండి

సగం గందరగోళం మన మాటలోనే ఉంది. ఎన్నికల ప్రచారం అంటాం, సినిమా ప్రచారం అంటాం, పోలియో చుక్కల ప్రచారం అంటాం, "ఊళ్లో అలా ప్రచారం జరుగుతోంది" అని పుకారును కూడా ప్రచారమే అంటాం. ఇంగ్లిష్‌లో ప్రాపగాండా అంటే ఇప్పుడు దాదాపు తిట్టు. మనకు అలా కాదు. తిట్టాలంటే ముందు 'దుష్' తగిలించాలి, లేదంటే నాయకుల్లా హిట్లర్ ప్రచార మంత్రి పేరు తెచ్చి 'గోబెల్స్ ప్రచారం' అనాలి.

ఈ వ్యాసం వరకు ఇలా పెట్టుకుందాం.

ప్రకటన: ఎవరో డబ్బు పెట్టి చోటు కొని, ఒక సరుకునో సేవనో మీకు అంటగట్టాలని చూడటం. మీరు కొన్నారా, కొనలేదా, అక్కడితో లెక్క తెగిపోతుంది.

ప్రచారం: మీ జేబు కన్నా మీ అభిప్రాయం కావాలి. ఎవరిని నమ్మాలి, ఎవరిని చూస్తే ఒళ్లు మండాలి, ఏది మామూలే అనుకోవాలి, ఇవి మార్చడం. దీనికి బిల్లు ఉండదు, ముగింపూ ఉండదు.

ప్రచారం అనగానే అబద్ధం అనుకోకండి. "నిండు జీవితానికి రెండు చుక్కలు" పక్కా ప్రచారం, అందులో అబద్ధం లేదు, 2014లో మన దేశానికి పోలియో రహిత గుర్తింపు రావడంలో దాని పాత్రా ఉంది. ఇంకోటి చూడండి. గోడల మీద "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" చదువుకుంటూ పెరిగాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న నిబంధన కూడా ఉండేది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు జనాభా తగ్గిపోతోంది, ఎక్కువ మందిని కనండి అని ప్రభుత్వమే చెబుతోంది. రెండు మాటలకూ వాటి కారణాలు ఉండొచ్చు. ఆ రోజూ ఈ రోజూ మనకు ఎవరూ ఏమీ అమ్మలేదు, కానీ మన ఇంట్లో ఎంతమంది ఉండాలన్నది మాత్రం బయటివాళ్లు చెప్పారు. ప్రచారం పనిచేసే చోటు అది.

2. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

తొందరపడి నేరుగా "ఇది ఫేకా?" అని వెతకడం మొదలుపెట్టొద్దు. ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

☐ అసలు వస్తువు. కరపత్రమైతే ముందూ వెనకా రెండు వైపులా ఫొటో. వీడియో అయితే మొత్తం వీడియో, పదిహేను సెకన్ల ముక్క కాదు.
☐ మీకు ఎప్పుడొచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది.
☐ వాట్సాప్‌లో వస్తే పైన రెండు బాణాల గుర్తు ఉందా లేదా. ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి మీ దగ్గరకు వచ్చిందని అర్థం. పంపిన మేనమామ దాన్ని తయారుచేయలేదు, అంతవరకు ఆయన్ని వదిలేయండి.
☐ ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్స్ వద్దు, మధ్యలో ఇంకో నోటిఫికేషన్ వస్తుంది.
☐ చదవగానే మీకు ఏమనిపించిందో ఒక్క మాటలో. కోపమా, భయమా, గర్వమా, ఆశా?

ఆఖరిది ఎందుకంటే, ఆ మాట రాసుకోకపోతే తర్వాత మీరు చేసే పరిశీలన అంతా ఆ కోపాన్ని సమర్థించుకోవడానికే సరిపోతుంది. నాకు చాలాసార్లు అదే జరిగింది.

3. మొదటి అడుగు: డబ్బు ఎవరిది?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. డబ్బు ఎవరిదో తేలితే మిగతా సగం పని దానంతటదే తేలుతుంది.

పత్రికలో అయితే: పేజీ మూలల్లో చూడండి. 'ప్రకటన' అనో 'అడ్వట్' అనో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది ఉంటే మీరు చదువుతున్నది వార్తలాగా కుట్టిన ప్రకటన. గుర్తు లేకపోయినా అక్షరాల తీరు మిగతా పేజీకి భిన్నంగా ఉండటం, రిపోర్టర్ పేరు లేకపోవడం, ఒక్క అభ్యర్థి గురించే మూడు కాలమ్‌ల పొగడ్త, అదే పొగడ్త దాదాపు అవే వాక్యాలతో ఇంకో పత్రికలో, ఇవి కనిపిస్తే అనుమానించండి. దీన్నే పెయిడ్ న్యూస్ అంటారు. 2009 ఎన్నికల తర్వాత దీని మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారే, ఇంకొకరు జర్నలిస్టు పరంజోయ్ గుహా ఠాకుర్తా.

ఎన్నికల కరపత్రం అయితే: కింది అంచు చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ప్రింటర్ పేరు, అడ్రసు, పబ్లిషర్ పేరు, అడ్రసు ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల వరకు జైలో, 2,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో. పోలింగుకు ముందు రాత్రి గుమ్మం కింద నుంచి తోసి వెళ్లే కాగితాల్లో ఈ వరుస ఉండదు. ఆ ఒక్క లోటు చాలు, లోపల రాసింది చదవకుండానే దాని రకం అర్థమైపోతుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయితే: మెటా వాళ్ల యాడ్ లైబ్రరీ అందరికీ ఉచితం. దేశం ఇండియా అని పెట్టండి, విభాగంలో ఎన్నికలు-రాజకీయాలు ఎంచుకోండి, పేజీ పేరు కొట్టండి. ఎవరు డబ్బు కట్టారు, సుమారుగా ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, అన్నీ వస్తాయి. ఆ తర్వాత పేజీ ట్రాన్స్‌పరెన్సీ తెరిచి పాత పేర్లు చూడండి. నాకు చాలా ఇష్టమైన మెట్టు ఇది. సినిమా మీమ్స్ పేరుతో లక్ష మందిని పోగేసుకుని, ఎన్నికలకు ఆరు నెలల ముందు పేరు మార్చుకున్న పేజీలు ఇక్కడే దొరికిపోతాయి.

ప్లాట్ల కరపత్రం అయితే: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావలసిన ప్రాజెక్టు ఏదైనా ఆ నంబరు, రెరా వెబ్‌సైటు పేరు ప్రకటనలో వేయకుండా అమ్మకానికి పెట్టకూడదు. నంబరు ఉంది కదా అని ఆగకండి, మీ రాష్ట్ర రెరా సైటులో కొట్టి అదే వెంచరు వస్తోందా అని చూడండి. పక్క వెంచరు నంబరు వేసినవాళ్లూ ఉంటారు.

ఇవేవీ పనిచేయక డబ్బు ఎవరిదో తేలకపోతే? "తెలియలేదు" అని కాగితం మీద రాసుకోండి. అదీ ఒక ఫలితమే. చక్కగా ఎడిట్ చేసి, వాయిస్ ఓవర్ పెట్టి, సంగీతం కలిపిన నాలుగు నిమిషాల వీడియో ఊరికే పుట్టదు. ఎవరో ఖర్చుపెట్టారు, తమ పేరు చెప్పలేదు.

4. రెండో అడుగు: నన్ను ఏం చేయమంటోంది?

మెసేజ్‌లో ఉన్న క్రియలన్నీ గీత గీయండి. కొనండి, కాల్ చేయండి, బుక్ చేసుకోండి అని ఉంటే ప్రకటన. ఓటు వేయండి అని ఉంటే పైకి కనిపించే ప్రచారం. ఇవి రెండూ సులువు.

చిక్కంతా "ఆలోచించండి", "మేల్కోండి", "ప్రతి ఒక్కరికీ షేర్ చేయండి" దగ్గరే. లేదా ఏ క్రియా లేకుండా ఒక కథ చెప్పి ఆపేయడం. అప్పుడు ఇలా అడగండి: ఇది నేను పూర్తిగా నమ్మితే రేపు పొద్దున నేను వేరేగా చేసే పని ఏమిటి? ఫలానా వాళ్ల కొట్లో కూరగాయలు కొనడం మానేస్తానా? ఫలానా ప్రాంతంలో ప్లాటు కోసం చూస్తానా? ఫలానా నాయకుడి పేరు వింటే ముఖం తిప్పుకుంటానా? ఆ జవాబే అసలు అడిగింది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. హైదరాబాద్ శివారులో మా చిన్నాన్నకు ఒక గ్రూపులో దాదాపు మూడు వారాలపాటు రీజనల్ రింగ్ రోడ్డు మ్యాపులు వచ్చాయి. ఎవరో ఎర్ర స్కెచ్‌తో గీసిన గీత, ఒక ఊరి పేరు చుట్టూ గుండ్రం, "ఇక్కడే జంక్షన్" అన్న మాట. ఎవరూ ఏమీ అమ్మలేదు. "తెలిసినవాళ్లు కొనేస్తున్నారు" అని మాత్రం రెండుసార్లు వచ్చింది. నాలుగో వారం కరపత్రం దిగింది: ఆర్చి బొమ్మ, దానికి రెండు వైపులా ఖర్జూరం చెట్లు, వంద శాతం వాస్తు, స్పాట్ రిజిస్ట్రేషన్, ఉచిత బస్సు, సైట్ దగ్గర బిర్యానీ. "ఔటర్ నుంచి 15 నిమిషాలు" అని వేశారు, మేము ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద వెళితే 50 నిమిషాలు పట్టింది. చిన్నాన్న కరపత్రాన్ని చూసి నవ్వాడు, బిర్యానీ సంగతి అడిగాడు. కానీ జంక్షన్ అక్కడే వస్తుందన్నదాన్ని మాత్రం అణువంత అనుమానించలేదు, ఎందుకంటే ఆ మాట చెప్పినప్పుడు ఎవరూ ఆయన్ని డబ్బు అడగలేదు. మ్యాపులు ప్రచారం, కరపత్రం ప్రకటన. పొలం దున్నినవాడూ విత్తనం చల్లినవాడూ ఒకడేనని నా అనుమానం, నిరూపించలేకపోయాను. అడ్వాన్సు మాత్రం ఇప్పించలేదు.

అందుకే ఒక్క మెసేజ్‌ని విడిగా చూడకండి. అదే గ్రూపులో నెల వెనక్కి జరిపి, ఆ ఊరి పేరు, ఆ మనిషి పేరు, ఆ సరుకు పేరు ముందు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

5. మూడో అడుగు: ఏది చెప్పకుండా వదిలేసింది?

అబద్ధం పట్టుకోవడం కన్నా ఇది కష్టం. ఉన్నదంతా నిజమే అయి, లేనిదాని వల్ల మోసపోతాం.

దీనికి మనకున్నంత మంచి ఉదాహరణ ఇంకెవరికీ లేదు: ఫలితాల రోజు టీవీలో ర్యాంకుల ప్రకటన. "ఒకటి! ఒకటి! ఒకటి! రెండు! రెండు! మూడు!" అని గుక్క తిప్పుకోకుండా అరుస్తారు. ఆ ర్యాంకులు నిజమే కావచ్చు. చెప్పనివి ఇవి: మొత్తం ఎంతమంది రాశారు? ఆ మొదటి ర్యాంకు ఏ విభాగంలో, ఏ పరీక్షలో? ఆ పిల్లవాడు రెండేళ్లు అక్కడే చదివాడా, ఆఖరి నెల టెస్టు సిరీస్ మాత్రం రాశాడా? ఒకే పిల్లవాడి ఫొటో రెండు సంస్థల ఫ్లెక్సీల్లో ఎందుకుంది? కోచింగ్ సంస్థల ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ఏ కోర్సు, ఎన్నాళ్లు, డబ్బు కట్టిందా ఉచితమా అన్నవి ర్యాంకుతో పాటే చెప్పాలి, ఫలితం వచ్చాక విద్యార్థి రాతపూర్వక అనుమతి కూడా తీసుకోవాలి అని. ఈసారి ఫ్లెక్సీ చూసినప్పుడు ఆ వివరాల కోసం వెతకండి.

ప్రచారంలోనూ ఇదే పని జరుగుతుంది. ఒక పథకం కింద ఎంతమందికి ఇచ్చారో చెబుతారు, ఎంతమంది అర్హులో చెప్పరు. ఒక వర్గం మనిషి చేసిన నేరాన్ని పేరుతో సహా చెబుతారు, అదే వారంలో అదే నేరం చేసిన మిగతావాళ్ల పేర్లు చెప్పరు.

చేయవలసింది: ప్రతి అంకె పక్కన "ఎంతలో?" అని రాయండి. ప్రతి ఫొటో పక్కన "ఎప్పటిది, ఎక్కడిది?" అని రాయండి, గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. పాత వరద ఫొటోలు ప్రతి జులైలో కొత్తగా మునుగుతుంటాయి.

6. నాలుగో అడుగు: ఏ పనిముట్టు వాడారు?

1937లో న్యూయార్క్‌లో పెట్టిన ప్రచార విశ్లేషణ సంస్థ ఒకటి ఏడు పనిముట్ల జాబితా ఇచ్చింది. జాబితా పాతదే, పనిముట్లు మాత్రం రోజూ వాడుకలో ఉన్నాయి. ఏడూ బట్టీ పట్టక్కర్లేదు, మన దగ్గర ఎక్కువగా కనిపించేవి చెప్తాను.

మీలో ఒకణ్ణి: అభ్యర్థి టిఫిన్ బండి దగ్గర ఆగి దోసె వేస్తాడు, ఇస్త్రీ చేస్తాడు, ఎవరికో గడ్డం గీస్తాడు. దోసె మాడినా ఫొటో బాగుంటుంది. సబ్బు ప్రకటనలో పక్కింటి అత్తయ్యలా వచ్చే నటి చేసేదీ ఇదే.

అరువు గౌరవం: టూత్‌పేస్ట్ పక్కన తెల్ల కోటు, వెంచరు పేరులో దేవుడు, పార్టీ ఫ్లెక్సీలో స్వాతంత్ర్య సమరయోధుడు. ఆ గౌరవం వాళ్లది కాదు, పక్కన నిలబడి తీసుకున్నది.

ముద్ర వేయడం: ఇది మాత్రం ఎక్కువగా ప్రచారానిదే. ప్రకటనలు ఎదుటి సబ్బును "మామూలు సబ్బు" అనేదాకా వెళ్లి ఆగుతాయి, అంతకుమించితే కేసు పడుతుంది. ప్రచారం ఎదుటి మనిషిని ద్రోహి, దొంగ, బానిస అనగలదు. వాదనకు జవాబు చెప్పకుండా ఒక్క మాటతో మనిషినే పక్కన పెట్టేస్తుంది.

అందరూ ఎక్కేశారు: "ఇప్పటికే 80 శాతం ప్లాట్లు అయిపోయాయి", "గాలి మావైపే ఉంది".

మిగతా మూడు: మెరిసే మాటలు, ప్రముఖుల సాక్ష్యం, పైన ర్యాంకుల దగ్గర చూసిన ఒకవైపు పేర్పు.

పనిముట్టు కనబడింది కదా అని తీర్పు చెప్పేయకండి. పోలియో ప్రచారానికి అమితాబ్ బచ్చన్‌ని తెచ్చారు, అది ప్రముఖుల సాక్ష్యమే. పనిముట్టు కనిపిస్తే అర్థం ఒక్కటే: ఇక్కడ మిమ్మల్ని తోస్తున్నారు. తోసేది మంచి చోటికా కాదా అన్నది మొదటి మూడు అడుగులు చెబుతాయి.

7. రెండూ కలిసిపోయే చోట్లు

ఇక్కడ "ఇదా, అదా" అని తేల్చాలని చూడకండి. రెండూ అని రాసుకుని ముందుకెళ్లండి.

సరొగేట్ ప్రకటనలు. మద్యం, గుట్కా ప్రకటనలు టీవీలో వేయకూడదు. కాబట్టి అదే పేరుతో సోడా, మ్యూజిక్ సీడీలు, యాలకులు అమ్ముతారు. ఆ సోడా మీ వీధి కొట్టులో దొరుకుతుందా అని అడిగి చూడండి, నేను మూడు కొట్లలో అడిగాను, కొట్టువాళ్లు నా ముఖం చూశారు. 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు వీటిని నిషేధించాయి.

ప్రభుత్వ ప్రకటనలు. చోటు కొన్నది కాబట్టి రూపంలో ప్రకటన. డబ్బు మనదే. పథకానికి ఎలా దరఖాస్తు చేయాలి, ఆఖరి తేదీ ఎప్పుడు అన్నది ఉంటే సమాచారం. నాయకుడి ముఖం అరపేజీ ఉండి, దరఖాస్తు వివరం రెండు లైన్లు ఉంటే ప్రచారం. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలే ఉండాలని 2015 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రులకూ అనుమతి ఇచ్చింది. అందుకే నేను స్కేలు పెట్టి కొలుస్తాను: ఫొటో ఎన్ని సెంటీమీటర్లు, సమాచారం ఎన్ని సెంటీమీటర్లు. పిల్లలతో చేయిస్తే సరదాగా కూడా ఉంటుంది.

టీవీలో రాజకీయ ప్రకటనలు. ఇందులో తెలుగువాళ్ల వాటా ఉంది. కేబుల్ టీవీ నిబంధనలు రాజకీయ ప్రకటనలను వద్దన్నప్పుడు జెమిని టీవీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను పక్కన పెట్టింది, అది సుప్రీంకోర్టుకు వెళ్లి 2004 ఏప్రిల్‌లో ముందస్తు ధ్రువీకరణ పద్ధతి వచ్చింది, అంటే ప్రసారానికి ముందే ప్రకటనను చూపించి అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు ఎన్నికలప్పుడు ప్రతి జిల్లాలో ఉండే మీడియా సర్టిఫికేషన్ కమిటీలు దాని నుంచి వచ్చినవే.

ఇన్‌ఫ్లూయెన్సర్లు. డబ్బో, సరుకో పుచ్చుకుని చెబితే ఆ సంగతి వీడియోలో చెప్పాలి. బెట్టింగ్ యాప్‌ని పొగిడే మనిషి గొంతూ, ఒక నాయకుణ్ణి పొగిడే మనిషి గొంతూ ఒక్కటే అయితే, మొదటిదానికి డబ్బు ఇచ్చినవాళ్లు ఉన్నప్పుడు రెండోదానికి ఉండరని ఎందుకు అనుకోవాలి?

ఇంకొక తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. సరుకు గురించి తప్పుదోవ పట్టిస్తే 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా. రాజకీయ వాగ్దానం సరుకు కాదు. దానికి ఆ చట్టం వర్తించదు, ప్రకటనల మండలి ఆస్కీ కూడా రాజకీయ ప్రకటనలను చూడదు. ఫేస్ క్రీమ్ వారంలో తెల్లబరుస్తానంటే అడిగే చోటు ఉంది, వంద రోజుల్లో అన్నీ మారుస్తానంటే లేదు.

8. ఒకటి చేసి చూద్దాం

మనవాటి మీద చేస్తే పార్టీ అభిమానం అడ్డొస్తుంది, అందుకని ఎవరికీ పట్టని పాతది తీసుకుందాం. న్యూయార్క్, 1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం. ఫిఫ్త్ అవెన్యూలో ఊరేగింపు నడుస్తుండగా కొందరు యువతులు సిగరెట్లు తీసి వెలిగించారు. ఆడవాళ్లు వీధిలో పొగ తాగడం తప్పనుకునే రోజులు. అవి సిగరెట్లు కావు, 'స్వేచ్ఛా కాగడాలు' అన్నారు. మర్నాడు పత్రికల్లో వార్త.

డబ్బు ఎవరిది? చూసినవాళ్లకు తెలియదు. వెనక ఉన్నది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, ఆయనకు డబ్బిచ్చింది లక్కీ స్ట్రైక్ సిగరెట్లు చేసే అమెరికన్ టొబాకో కంపెనీ.

ఏం అడిగింది? ఏమీ అడగలేదు. బ్రాండు పేరు లేదు, ధర లేదు. నమ్మితే రేపు చేసే పని మాత్రం స్పష్టం: ఆడవాళ్లు కూడా కొంటారు.

ఏది వదిలేసింది? సిగరెట్ కంపెనీని. ఆ యువతులను పోగేసి నిలబెట్టింది ఎవరన్న సంగతిని.

పనిముట్టు? అరువు గౌరవం. ఓటు హక్కు కోసం ఆడవాళ్లు చేసిన పోరాటం తాలూకు గౌరవాన్ని పొగాకుకు తగిలించారు.

ఇప్పుడు కాగితం మీద ఏం రాస్తారు? లక్ష్యం ప్రకటనది, పద్ధతి ప్రచారానిది. మామూలు బొమ్మ వేసి "ఆడవాళ్లారా, మా సిగరెట్ కాల్చండి" అని ఉంటే జనం మండిపడేవాళ్లు. మా చిన్నాన్న రింగ్ రోడ్డు మ్యాపుకూ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు.

9. తరచూ చేసే తప్పులు, వాటికి మందు

తప్పు: మనకు నచ్చనిదే ప్రచారం, నచ్చింది సమాచారం అనుకోవడం. మందు: వారానికి ఒకసారి మీకు బాగా నచ్చిన మెసేజ్ ఒకటి తీసుకుని ఇవే నాలుగు అడుగులు వేయండి. ఒళ్లు మండుతుంది, అయినా చేయండి.

తప్పు: "నిజమే కదా, ఇంకేం" అని ఆపేయడం. మందు: మూడో అడుగు మళ్లీ చదవండి.

తప్పు: పదిమంది పంపారు కాబట్టి పది ఆధారాలు అనుకోవడం. పదిమందీ ఒకే చోటు నుంచి తెచ్చుకుని ఉండొచ్చు. పైగా ఒకే మాట మళ్లీ మళ్లీ వింటే నిజంలా అనిపించడం మనిషి స్వభావం, 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే ముగ్గురు చేసిన ప్రయోగంలో ఇది బయటపడింది. మందు: మొదట పెట్టింది ఎవరో వెతకండి.

తప్పు: గోబెల్స్ పేరు చెప్పి గెలిచేయడం. "అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమవుతుంది" అన్నాడని అందరూ రాస్తారు, ఆయన అన్నట్టు ఎక్కడా రికార్డు లేదు. వందసార్లు చెప్పడం వల్ల ఇదే నిజమైపోయింది. నేనూ రెండుసార్లు వాడాను.

తప్పు: అన్నిటినీ అనుమానించి ఏదీ నమ్మకపోవడం. ఇది తెలివి అనుకుంటారు, కానీ టీకా ప్రకటనను కూడా పక్కన పడేసేది ఈ బాపతే. మందు: అనుమానానికి గడువు పెట్టుకోండి. నాలుగు అడుగులకు ఇరవై నిమిషాలు. ఆ తర్వాత నమ్మడమో, వదలడమో, "తెలియలేదు" అనడమో.

10. తేలాక ఏం చేయాలి

☐ సరుకు, సేవ, కోచింగ్ ప్రకటనైతే: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, లేదా ఆస్కీకి ఫిర్యాదు.
☐ రెరా నంబరు లేని వెంచరు ప్రకటన: రాష్ట్ర రెరాకు.
☐ ఎన్నికల సమయంలో కోడ్ ఉల్లంఘన: ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్. కోడ్ లేనప్పుడు అది పనిచేయదు.
☐ ఫార్వర్డ్ నిజమా కాదా అన్నది: హైదరాబాద్ నుంచి తెలుగులో కూడా రాసే ఫ్యాక్ట్‌లీ చూడండి. కేంద్ర ప్రభుత్వ విషయాలకు పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది, కాకపోతే అది ప్రభుత్వానిదే కాబట్టి దాని మీదా మొదటి అడుగు వేయండి.

ఇక ఇంటి గ్రూపు. అక్కడ అందరి ముందు "ఇది ఫేక్" అని లింకు విసరకండి. పెద్దవాళ్ల పరువు పోతుంది, మర్నాడు ఇంకో నాలుగు పంపుతారు. విడిగా ఫోన్ చేయండి. తప్పు అనొద్దు, ప్రశ్న అడగండి. నేను మా పెదనాన్నతో అన్నది ఇంతే: "పెదనాన్నా, ఆ వీడియో బాగా తీశారు, దానికి డబ్బు ఎవరు పెట్టుంటారంటారు?" కాసేపు ఆగి "అవున్రా, ఎవడు పెట్టాడు?" అన్నారు.

ఇప్పుడు ఏది వచ్చినా గ్రూపులో పెట్టకుండా ముందు నాకు పంపి, కింద "ఎవడి డబ్బురా ఇది?" అని రాస్తున్నారు. రోజుకు పది వస్తున్నాయి, అది వేరే టెన్షన్.